శీనుగాడికి, గోవా సంగతి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ వచ్చి నెల దాటింది, జవాబు ఇవ్వలేదని నువ్వు అలిగావని చెల్లెమ్మ అమ్మకి ఫోన్‌లో చెప్పిందంట, తప్పు నాదే రా, ఏమనుకోకు. ఫోన్ చేద్దామంటే బావ, అక్క పై వాటాలోనే ఉంటున్నారు, ఒక్క మాట అన్నా పైకి వినపడుద్ది, అందుకే రాస్తున్నా. అమ్మ మోకాలు పర్లేదు. బాబాయి కూతురికి నరసరావుపేట సంబంధం దాదాపు ఖాయం. నేను అదే కొట్టు, అదే చిట్టా, మిర్చి యార్డుకి వేసవి సెలవులు. అంతే, ఇక అసలు సంగతి.

సెలవులు కదా అని బావ గోవా అన్నాడు. నలుగురం అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రైల్లోనే బయటపెట్టాడు, సముద్రం చూడ్డానికి కాదు, పనజీలో మాండవి నది మీద ఉండే కేసినో షిప్పు కోసం అని. నీకు తెలుసుగా బావ సంగతి, సంక్రాంతికి బరి దగ్గర గుండాట బోర్డు చూస్తే కాలు ఆగదు, ఫోన్‌లో రమ్మీ 2020లో మన రాష్ట్రంలో ఆపేసినప్పుడు వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఈసారి మాత్రం 'ఇది జూదం కాదు రా, లెక్క' అన్నాడు. లెక్క అనేసరికి నువ్వే గుర్తొచ్చావ్ రా, ఆ పచ్చ చొక్కా మాస్టారూ, ఆ సుద్దముక్కా... సరే అది తర్వాత.

రౌలెట్ అంటే ఎరుపు, నలుపు నంబర్ల గడులున్న చక్రంలో బంతి వదిలే ఆట. లెక్క ఏంటంటే రౌలెట్‌లో ఎరుపు మీద 500 కాయాలి. వస్తే 500 లాభం, పక్కన పెట్టెయ్. పోతే వెయ్యి, అదీ పోతే 2,000, అలా రెట్టింపు చేసుకుంటూ పో, ఎప్పుడో ఒకప్పుడు ఎరుపు పడి తీరుద్ది, పడ్డప్పుడు పోయిందంతా వచ్చి పైన 500 మిగులుద్ది. దీన్నే మార్టింగేల్ అంటారు, ఫ్రాన్సులో 18వ శతాబ్దం నాటికే ఉంది. నాకు నోటుబుక్కు ఇచ్చి పక్కన నిలబెట్టాడు, పడ్డ నంబరల్లా రాయమని.

మొదటి రాత్రి 43 సార్లు గెలిచాడు, 21,500. రెండో రాత్రి 34 సార్లు, 17,000. నిజం చెప్తున్నా, ఆ రెండ్రోజులు నేనూ నమ్మాను. బావ మొహంలో అంత వెలుగు అక్క పెళ్ళి రోజు చూశా, మళ్ళీ అప్పుడే. పక్క టేబుల్లో బెజవాడ కుర్రాడు ఒకడు బాకరా అనే పేకాటలో 'టై' మీదే, అంటే రెండు వైపులా సమానం వస్తదని, కాస్తున్నాడు, వస్తే ఒకటికి ఎనిమిది ఇస్తారని, దాంట్లో కేసినో వాటా నూటికి 14 పైమాటే, అది చూసి బావ 'వాడిది పిచ్చి, మనది పద్ధతి' అన్నాడు.

మూడో రాత్రి. తొమ్మిది గెలిచాడు, 4,500. తర్వాత 17 పడింది, నలుపు. తర్వాత 8. తర్వాత 26. ఇక్కడిదాకా మామూలే. బంతి గట్టు వెంబడి తిరిగి తిరిగి జారి, గడుల మీద టకటకమని ఎగిరి ఒక దాంట్లో కూర్చుంటది, ఆ అమ్మాయి ఆ నంబరు మీద గాజుముక్క లాంటిది పెట్టి బావ చిప్స్, అంటే డబ్బు బదులు కాసే బిళ్ళలు, లాగేసుకుంటది, ఏ మాటా ఉండదు. 11. 33. 'అయిదు నలుపులు పడ్డాయి, ఇక ఎరుపే రా' అని బావ 16,000 జరిపాడు, 4 పడింది. 32,000 జరిపేటప్పుడు చిప్స్ అంచు మీద బొటనవేలు ఆడిస్తూనే ఉన్నాడు, వేలు తడిగా ఉంది, చిప్స్‌కి అంటుకుంటంది. 29. అదీ నలుపే. ఏడు ఆటల్లో 63,500.

ఎనిమిదోది 64,000 కాయాలి. ఆ అమ్మాయి టేబుల్ మూల చిన్న బోర్డు చూపించింది, 500 నుంచి 50,000 దాకానే. బావకి ఆ సంగతి ముందే తెలుసు రా, కానీ అంతదాకా రాదనుకున్నాడు. జేబులోంచి ఇంకో కట్ట తీశాడు, రబ్బరు బ్యాండు చూడగానే గుర్తుపట్టా, అక్క చీటీ పాడిన డబ్బు, పాప కాలేజీ ఫీజుకని దాచింది. నేను చెయ్యి పట్టుకున్నా. 'వదులు రా' అన్నాడు, గట్టిగా కూడా కాదు, మెల్లగా. వదిలేశా. ఆ సంగతి నేను ఇంకా... వద్దులే.

సున్నా పడింది. ఎరుపూ కాదు నలుపూ కాదు, ఆకుపచ్చ.

ఆ 50,000 కూడా పోయింది, ముందు గెలిచినవి తీసేస్తే మొత్తం మీద 70,500 చేతి నుంచి పోయింది. తిరుగు రైల్లో గిద్దలూరు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు, ఏడు నలుపులు ఎక్కడన్నా ఉందా, ఆ చక్రంలో ఏదో మోసం ఉంది అన్నాడు. 1913 ఆగస్టు 18న మాంటె కార్లోలో వరసగా 26 సార్లు నలుపే పడిందంట బావా, ఇక ఎరుపే ఇక ఎరుపే అని కాసినోళ్ళంతా మునిగారంట అని చెప్పా, వినలేదు. నాకు తోచింది చెప్తా శీనూ. యార్డులో తేజా రకం మిర్చి రేటు నాలుగు రోజులు పడితే అయిదో రోజు లేస్తదేమో అనుకోడానికి ఒక ఆధారం ఉంది, చైనా ఆర్డర్లుంటాయి, కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఉన్నాయో ఉంటది. చక్రానికి నిన్నటి సంగతే కాదు, ఇప్పుడే పడ్డ నంబరు కూడా గుర్తుండదు. బావ ఇరవయ్యేళ్ళుగా మిర్చి బుర్రతోనే బతికాడు, అదే బుర్ర అక్కడ పెట్టాడు.

ఇంటికొచ్చాక రెండు రాత్రులు కూర్చుని లెక్క వేశా, తప్పుంటే దిద్దు. గడులు 37, ఎరుపు 18, అంటే ఓడే గడులు 19. వరసగా ఏడు ఓడటం దాదాపు 106 సార్లకి ఒకసారి. ఆ 63,500 మళ్ళీ 500 చొప్పున సంపాదించాలంటే 127 సార్లు గెలవాలి. 127 గెలిచేలోపే మునిగే వంతు వచ్చేస్తంది! ఇంకోటి చూడు, ఆ సున్నా గడి లేకపోతే 128కి ఒకసారి మునగాలి, అంటే 127 గెలుపులు, ఒక ఓటమి, పైసా తేడా లేకుండా సరికి సరి. అది చూసి నిజంగా లేచి నిలబడ్డా రా, అర్ధరాత్రి. మొత్తం ఆ ఒక్క ఆకుపచ్చ గడిలోనే ఉంది. నువ్వు ఎంత కాయి, ఎలా కాయి, కాసిన ప్రతి వందకీ సగటున 2.70 ఆ గడి తీసుకుంటది, రెండు సున్నాలున్న అమెరికా చక్రమైతే 5.26. రెట్టింపు చెయ్యడం వల్ల ఆ వాటా మారదు, చిన్న చిన్నగా పోవాల్సింది పోగేసి ఒక్క రాత్రి తీసుకుంటది, అంతే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, బావ మళ్ళీ పోతానంటన్నాడు. ఈసారి లిమిట్ పెద్దదున్న టేబుల్ అంట, తొమ్మిది ఆటల దాకా రెట్టింపు చేసుకుంటూ పోవచ్చంట, 2,55,500 కావాలి. అక్క గాజులు బ్యాంకులో పెడతానని మొన్న అన్నాడు, అక్క ఏం మాట్లాడలేదు, బియ్యం ఏరుతూ కూర్చుంది. దానికీ లెక్క వేశా, 403కి ఒకసారి మునుగుద్ది, పూడ్చడానికి 511 గెలుపులు కావాలి. పెద్ద టేబుల్‌కి పోయేకొద్దీ తేడా ఇంకా పెరుగుతంది, తగ్గట్లేదు.

నేను చెప్తే బామ్మర్ది మాటగా కొట్టేస్తాడు. నువ్వు లెక్కల లెక్చరర్‌వి, నువ్వంటే గౌరవం, నీ పెళ్ళిలో మీ ఇద్దరూ ఆ అరటాకు దగ్గర... గుర్తుందిగా. శనివారం సింహాద్రి ఎక్కి రా శీనూ, ఆదివారం ఉండి పో. కోప్పడొద్దు, పాప చదువు మాట అస్సలు తేవొద్దు, అది తలుచుకుని ఆయనే రాత్రుళ్ళు మేడ మీద తిరుగుతున్నాడు. నోటుబుక్కు నా దగ్గరే ఉంది, పడ్డ నంబర్లన్నీ వరసగా, ఆయన కళ్ళముందే రాసినవి. అది ఆయన ముందు పెట్టి మొదటి పేజీ నుంచి

గేటు దగ్గర బండి చప్పుడు, బావే. పంపేస్తున్నా. టికెట్ తీసుకున్నాక ఒక్క చుక్క మెసేజ్ పెట్టు చాలు, నాకు అర్థమవుద్ది.

నీ రాజు