ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ పిల్లల పేజీలో, రెండును 32వ ఘాతానికి హెచ్చించి ఒకటి కలిపితే వచ్చే 4,29,49,67,297 ప్రధాన సంఖ్య అని అచ్చయింది. అది ప్రధాన సంఖ్య కాదు. 641, 67,00,417 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం.

ఈ పొరపాటు మీ వ్యాసకర్తతో మొదలైనది కాదు. ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఇదే తీరులో, రెండును 1, 2, 4, 8, 16వ ఘాతాలకు హెచ్చించి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలే కావడం చూసి, ఆ వరుసలో తరువాత వచ్చేవీ అంతేనని 1640లో నమ్మాడు. ఆ నమ్మకం తప్పని 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ నిరూపించాడు. రెండు 37వ ఘాతంలోంచి ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్యను 223 నిశ్శేషంగా భాగిస్తుందని అదే 1640లో కనిపెట్టిన ఫెర్మా, 4,29,49,67,297ను కూడా అలాగే భాగించి చూడడం ఎందుకు వదిలేశాడో నాకు ఇప్పటికీ విడ్డూరమే.

ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకం ఉన్నా దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలన్నది ఆయిలర్ పట్టుకున్న కిటుకు. అందువల్ల 3, 7, 11 అంటూ వరుసగా భాగించుకుంటూ పోనక్కరలేదు. అలా శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యల్లో 193, 257, 449, 577 చూశాక ఐదోది 641. వీటిలో 257తో భాగిస్తే శేషం 2 మిగులుతుంది.

మా అరుగు మీద సాయంత్రం లెక్కలకు వచ్చే ఎనిమిదో తరగతి పిల్లలచేత 641తో భాగహారం చేయించాను. 4,294లో ఆరుసార్లు పోగా 448. తొమ్మిదిని దించితే 4,489, అందులో ఏడుసార్లు పోగా మిగిలేది 2. ఆపైన ఆరును, ఏడును దించినా 641 పోదు కనుక భాగఫలంలో పక్కపక్కనే రెండు సున్నాలు వేయాలి. నలుగురిలో ముగ్గురు అక్కడ ఒక సున్నాను మింగేశారు. సరిదిద్దుకుని ముందుకు సాగితే 448 మళ్లీ ఎదురవుతుంది, ఈసారి చివరి ఏడును దించితే 4,487. అది ఏడుసార్లకు సరిగ్గా సరిపోయి శేషం సున్నా అయ్యేసరికి అందరూ ఒక్కసారే కేక వేశారు.

భాగహారం చేయకుండానే తేల్చాలంటే వేరే దారీ ఉంది. ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రెండు విధాలుగా రాయలేము. ఈ సంఖ్య మాత్రం 65,536, 1ల వర్గాల మొత్తమూ అవుతుంది, 62,264, 20,449ల వర్గాల మొత్తమూ అవుతుంది.

దయచేసి సవరణ వేయండి, వీలైతే భాగహారం మొత్తం అచ్చు వేయండి. గతసారి ఆ సంఖ్య పంక్తి చివర విరిగి 4,29,49 పైన, మిగతాది కింద పడడంతో మా పిల్లలు అవి రెండు వేర్వేరు సంఖ్యలనుకున్నారు. ఈసారి ఒకే పంక్తిలో ఉండేలా చూడగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా