యువతలో మూర్ఛవ్యాధి – మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో మన సంఘం ఈ ఏడాది చేపట్టిన పనిలో అధిక భాగం 18 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న మూర్ఛరోగులకు సంబంధించినదే. పసిపిల్లలకు ఫిట్స్ వస్తే కన్నవారు వెంటనే ఆసుపత్రికి ఎత్తుకువెళ్తారు. చదువు, ఉద్యోగం, పెళ్లి ముందున్న వయసులో వస్తే మాత్రం ఇల్లంతా కలిసి దాచిపెడుతుంది.

మన దేశంలో కోటి మందికి పైగా ఈ వ్యాధితో బతుకుతున్నారని అంచనా. వెయ్యి మందిలో కనీసం 5 నుంచి 10 మందికి ఉంటుందనుకుంటే, మూడు వేల జనాభా గల ఊళ్లో 15 మందికి తక్కువ ఉండరు. అయినా మన కార్యకర్తలు వెళ్లిన ప్రతిచోటా ముందుగా విన్నమాట, తమ ఊళ్లో ఎవరికీ లేదన్నదే.

కారణాల విషయంలో అపోహలు ఎక్కువ కనుక గ్రామసభల్లో దీనిపైనే ఎక్కువసేపు మాట్లాడాం. కాన్పు సమయంలో బిడ్డ మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, మెదడువాపు, తలకు బలమైన గాయం, వంశపారంపర్యం ప్రధాన కారణాలు. హెల్మెట్ లేకుండా బండి నడిపే కుర్రాళ్లకు చెప్పవలసింది ఇక్కడే ఎక్కువ. సరిగా ఉడకని పందిమాంసం ద్వారా మనిషి పేగుల్లోకి చేరే బద్దెపురుగు (టేప్‌వర్మ్) గుడ్లు నోటి ద్వారా లోపలికి చేరి మెదడులో తిత్తులు కట్టడం మరో ముఖ్య కారణం. ఆ గుడ్లు పురుగు ఉన్న మనిషి మలం నుంచి నీటిలోకి, పచ్చి కూరల్లోకి చేరతాయి కాబట్టి, పందిమాంసం ముట్టనివారికి కూడా ఈ జబ్బు రావచ్చు. మరుగుదొడ్డి వాడకం, చేతులు కడుక్కోవడం మూర్ఛ నివారణలో భాగమని చెప్పినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు.

వ్యాధి ఉన్నవారిలో ఫిట్స్‌ను రేపేవి వేరు: నిద్ర చాలకపోవడం, మద్యం, అన్నిటికన్నా ముఖ్యంగా మాత్రలు మానడం. చేపలవేటకు గుజరాత్‌లోని వెరావల్, కూలిపనికి చెన్నై, హైదరాబాద్ వెళ్లే మన యువకులకు ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి. అందుచేత వలస వెళ్లేముందు మందుల నిల్వ, డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలని ఆశా కార్యకర్తల సాయంతో ఇంటింటికీ చెప్పించాం. పడవెక్కేవారు, ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎక్కేవారు ఫిట్స్ పూర్తిగా అదుపులోకి వచ్చేదాకా వేరే పని చూసుకోవడం ప్రాణరక్షణకు అవసరం.

నవంబరు 17న, జాతీయ మూర్ఛవ్యాధి దినాన, కళాశాల విద్యార్థులకు ప్రథమ చికిత్స నేర్పాం. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం మానుకొని, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటినా ఫిట్స్ ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

పెళ్లి విషయంలో మన సంఘం అభిప్రాయం స్పష్టం: దాచవద్దు, భయపడవద్దు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛవ్యాధిని అడ్డంకిగా చూపిన మాటను 1999లోనే తొలగించారు. సరైన మందులతో నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా జీవించగలరు. గర్భం దాల్చదలచిన స్త్రీలు మాత్రం మాత్రలు తమంతట తాము మానకుండా ముందే డాక్టరును కలవాలి. వాల్‌ప్రోయేట్ వంటి మందు కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది, దాన్ని మార్చవలసినవారు వైద్యులే.

వచ్చే ఏడాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ మాత్రలు ఏనాడూ నిండుకోకుండా చూడాలని జిల్లా వైద్యాధికారులకు వినతిపత్రం ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనికి సభ్యుల ఆమోదం కోరుతున్నాం.