మొదట్లో నిమిషాలు మిగుల్చుకోమనకండి

సంపాదకులకు నమస్కారం.

పరుగు మీద ఈ మధ్య మీరు వేసిన పేజీ మొత్తం చదివాను. షూ ఎలా చూసి కొనాలి, వారానికి ఎన్ని రోజులు పరిగెత్తాలి, రెండు గంటల్లో హాఫ్ మారథాన్, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్ల పైచిలుకు పరుగు, ముగించాలంటే కిలోమీటరుకు ఎంత పడుతుంది, ఇవన్నీ బాగున్నాయి. ఒక్క సలహా దగ్గర మాత్రం ఆగిపోయాను. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే, అంటే మొదటి ఐదు కిలోమీటర్లలోనే, రెండు మూడు నిమిషాలు మిగుల్చుకుంటే చివర్లో అక్కరకొస్తాయని రాశారు. అది మిగులు కాదండీ, చక్రవడ్డీకి తెచ్చిన అప్పు. ఏ హాఫ్ మారథాన్‌లోనైనా పదిహేడో కిలోమీటరు బోర్డు దగ్గర కాసేపు నిలబడి చూడండి. నడుం మీద చేతులు పెట్టుకుని నడుస్తున్నవాళ్లలో చాలామంది నెలల తరబడి బాగా ప్రాక్టీస్ చేసినవాళ్లే, కాకపోతే మొదటి అరగంటలో తొందరపడ్డారు.

మీ పట్టికలో పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, ఉంది, ఆ పేస్‌లో వెళ్తున్నప్పుడు ఒంటికి ఎలా అనిపించాలో లేదు. నా ఉద్దేశంలో రెండోదే ముఖ్యం. వాచీకి ఎండ తెలియదు, ఉక్కపోత తెలియదు, రాత్రి మీకు నిద్ర పట్టలేదన్న సంగతి అసలే తెలియదు.

స్టార్ట్ దగ్గర నుంచే చెబుతాను. రేసుకు ముందు వారం పరుగు తగ్గించుకుంటాం కాబట్టి ఆ రోజు ఒళ్లు గాలిలో తేలిపోతుందని అనుకుంటారు, తీరా వార్మప్‌లో కాళ్లు మొద్దుల్లా ఉంటాయి, దాంతో టెన్షన్ మొదలు. కంగారు పడక్కర్లేదు, వార్మప్ ఎలా ఉందన్నదాన్ని బట్టి రేసు ఎలా ఉంటుందో చెప్పలేం. నిలబడి ఉండగానే గుండె దడదడలాడుతుంటుంది, వాచీలో ఆ అంకె చూసి కూడా భయపడొద్దు. అది అడ్రినలిన్, అంటే ఉద్వేగంలో ఒంట్లో పుట్టే హార్మోన్, చేసే పని.

అసలు చిక్కు తుపాకీ పేలాక వస్తుంది. మొదటి మూడు కిలోమీటర్లు ఎంత తేలిగ్గా ఉండాలంటే, ఇంత నెమ్మదిగా పోతే ఎలా అని మీకే అనుమానం రావాలి. పక్క నుంచి జనం దాటిపోతుంటారు, దాటనివ్వండి. అడ్రినలిన్ పొంగులో ఉన్నప్పుడు కష్టం పైకి తెలియదు, పైగా ఊపిరి మన వేగాన్ని అందుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు తీసుకుంటుంది. రెండు గంటల లక్ష్యానికి కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు కావాలి. మొదటి కిలోమీటరులో 5:15తో పోయినా అచ్చం అంతే తేలిగ్గా అనిపిస్తుంది. తేడా ఆ క్షణంలో తెలియదు, పదిహేను దాటాక తెలుస్తుంది. గుంపులో, ఎత్తైన భవనాల మధ్య వాచీ చూపించే పేస్ కూడా అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి అక్కడ నమ్మాల్సింది ఊపిరినే. పక్కవాళ్లతో ఓ పూర్తి వాక్యం ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి.

ఎందుకిలా అంటే, ప్రతి ఒంటికీ ఒక హద్దు ఉంటుంది. దానికి కింద ఉన్నంతసేపు కండరాల్లో తయారయ్యే లాక్టేట్‌ను శరీరం ఎప్పటికప్పుడు వాడుకుంటూ పోతుంది. దాటితే అది రక్తంలో పేరుకోవడం మొదలవుతుంది, దాంతోపాటే కండరాల లోపలి రసాయన స్థితి మారిపోతుంది, శరీరం దాచుకున్న పిండిపదార్థం కూడా గబగబా ఖర్చవుతుంది. బాగా శిక్షణ ఉన్నవాళ్లు ఆ హద్దు దగ్గర సుమారు గంటసేపు నిలవగలరు. ఐదో కిలోమీటరుకే దాన్ని దాటేసి, ఆనక వేగం తగ్గించుకుంటే సరిపోతుందిలే అనుకుంటారు చాలామంది. సరిపోదు, ఎందుకంటే తేరుకోవడానికి పట్టే సమయం మనం మిగుల్చుకున్న నిమిషాల కంటే ఎక్కువే.

ఇక్కడే ఇంకో మాట. ఛాంపియన్లు ఇలా పరిగెత్తుతారు, అలా పరిగెత్తుతారు అని రాస్తుంటారు కదా, వాళ్ల హాఫ్ వేరు, మన హాఫ్ వేరు. 2021లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఇథియోపియా అమ్మాయి లెటెసెన్‌బెట్ గిడే 62 నిమిషాల 52 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టింది. 2024లో అదే ఊళ్లో, అదే దేశం అబ్బాయి యోమిఫ్ కెజెల్చా 57 నిమిషాల 30 సెకన్లలో ముగించాడు. వాళ్లకు ఇది గంట పని, అందుకే మొదటి నుంచీ ఆ హద్దు అంచున పరిగెత్తగలరు. రెండు గంటలు పట్టేవాళ్లు రోడ్డు మీద గడిపేది మేటి మగవాళ్లు దీనికి రెట్టింపు దూరమైన ఫుల్ మారథాన్‌కు తీసుకునేంత సేపు. రెండున్నర గంటలైతే ఇంకా ఎక్కువ. కాబట్టి నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకు రేసు ఇంకా ఎక్కువ దూరం తేలిగ్గానే అనిపించాలి. ఈ మాట ఎవరూ చెప్పరు, చెప్పకపోగా కొత్తవాళ్లనే గట్టిగా మొదలుపెట్టమంటారు.

నాలుగు నుంచి పది దాకా పెద్దగా చెప్పడానికేం లేదు, నిజానికి ఏం లేకపోవడమే మంచిది. పని చేస్తున్నట్టు తెలుస్తుండాలి, కష్టపడుతున్నట్టు ఉండకూడదు. ఊపిరి వినిపిస్తుంది కానీ లయ తప్పదు. నాలుగైదు మాటలు ఒక్కసారిగా అనగలరు, కథ చెప్పలేరు. కొంచెం బోరు కొట్టినా తప్పు లేదు. పది కిలోమీటర్ల బోర్డు దగ్గర, ఇప్పటిదాకా చేసింది మళ్లీ చేయగలనా అని అడిగితే "చేయగలను గానీ సరదాగా ఉండదు" అని లోపలి నుంచి జవాబు రావాలి. అక్కడి టైము మీ జీవితంలో బెస్ట్ పది కిలోమీటర్ల టైముకు దగ్గరగా ఉందంటే మాత్రం సంబరపడకండి, అది చెడ్డ వార్త.

పది నుంచి పదహారు దాకా ఉన్న ముక్క మీద ఎవరూ రాయరు, నాకు మాత్రం రేసంతా అక్కడే ఉందనిపిస్తుంది. వేగం మారదు, కష్టం మాత్రం కొంచెం కొంచెంగా పైకి పోతుంటుంది. అలా పోవడమే సరైనది. ఒళ్లు వేడెక్కేకొద్దీ రక్తంలో కొంత చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీరు పోతుంది, ఒక్కో కొట్టుకు గుండె పంపే రక్తం తగ్గుతుంది, అందుకని అది ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. అదే పేస్‌లో గుండె వేగం పెరుగుతుంటే ఏదో తేడా జరిగిపోతోందని ఆగిపోయేవాళ్లున్నారు. ఆ మాత్రం పెరుగుదల ఎవరికైనా ఉండేదే.

ఈ ముక్కలో పేస్ పడిపోయేది చాలావరకు ధ్యాస తప్పడం వల్ల. పదమూడో కిలోమీటరు దగ్గర ఎవరో ఒకరి వెనక పోతుంటారు, వాళ్ల బనీను మీద చెమట మరక ఏ ఆకారంలో ఉందో కూడా మీకు తెలిసిపోయి ఉంటుంది, ఇంట్లో పనో ఆఫీసు గొడవో ఏదో గుర్తొస్తుంది, తలెత్తి చూసేసరికి ఆ మరక రెండడుగులు ముందుకు పోయి ఉంటుంది. ఆ రెండడుగులు అప్పుడే పూడ్చుకుంటే పెద్ద శ్రమ లేదు, వదిలేస్తే నిమిషంలో పదడుగులవుతాయి. తేలిగ్గా ఉందీ అనిపించిందంటే వేగం తగ్గిందని అర్థం. మొదట్లో తేలిక మంచిది, పన్నెండు దాటాక తేలిక అనుమానించాల్సిన విషయం.

లెక్క ప్రకారం సగం పదిన్నర దగ్గర వస్తుంది, కష్టం ప్రకారం పదహారు దగ్గర. అక్కడి నుంచి పంతొమ్మిది దాకా బాగుండదు, బాగుండకూడదు కూడా. ఒక్క మాట కంటే ఎక్కువ నోటికి రాదు. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కి ఉంటాయి, కాసేపటికోసారి దింపుకోవాలి. ఇరవై ఒకటిలోంచి పదిహేడు తీస్తే ఎంతో చెప్పడానికి తడుముకుంటారు. వచ్చే వాటర్ పాయింట్ దగ్గర కొంచెం నడుద్దాంలే అని మనసు బేరం మొదలుపెడుతుంది. ఇవన్నీ మామూలే, ఇవి వస్తున్నాయంటే రేసు సరిగ్గానే నడుస్తోంది.

ఇక ఒంట్లో శక్తి అయిపోయిందన్న భావన చాలామటుకు నిజం కాదు. పరుగుకు అయ్యే ఖర్చు సుమారుగా కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కేలరీ. అరవై కిలోల మనిషికి మొత్తం 1,250 పైచిలుకు. ముందు రెండు రోజులు సరిగ్గా తిన్నవాళ్లకు కండరాల్లో, కాలేయంలో దాని కంటే ఎక్కువే నిల్వ ఉంటుంది, పైగా ఆ ఖర్చులో కొంత కొవ్వు భరిస్తుంది. రెండు గంటలు దాటేవాళ్లకు దారిలో ఒకటి రెండు జెల్స్ (చక్కెర పాకంలాంటి చిన్న పాకెట్లు) సాయపడతాయి, అంతే. ఫుల్ మారథాన్‌లో ముప్పై దాటాక వచ్చే నీరసం, ఇదీ ఒకటి కావు. నమ్మకం కుదరకపోతే పదిహేడు దగ్గర "ఇక నా వల్ల కాదు" అన్న మనిషినే ఫినిష్ గేటు కనబడ్డాక చూడండి, అవే కాళ్లు ఎలా లేస్తాయో.

చివరి రెండు కిలోమీటర్లలో ఆలోచన పెట్టుకోవద్దు, మిగిలినదంతా ఖర్చు పెట్టడమే. కానీ మీ పట్టిక వల్ల అక్కడో ఇబ్బంది ఉంది. దూరం 21.0975 కిలోమీటర్లు. కోర్సు కొలిచేవాళ్లు అతి దగ్గరి దారిన, మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు, ఎక్కడా తక్కువ పడకూడదని కిలోమీటరుకు ఇంకో మీటరు కలుపుతారు. మనం మనుషులను తప్పుకుంటూ, నీళ్ల బల్లల వైపు పోతూ అడ్డదిడ్డంగా పరిగెత్తుతాం. అందుకే వాచీ 21.1 చూపించినా ఫినిష్ గీత ఇంకా కొంచెం దూరంలోనే ఉంటుంది. రెండు వందల మీటర్లు అదనమైతే 5:41 పట్టుకుని పోయినవాళ్లు నిమిషానికి పైగా ఆలస్యం అవుతారు. మీ పట్టికలో, వాచీ మీద 5:38 కనబడాలని రాసి ఉంటే నిజంగా రెండు గంటలయ్యేది.

గీత దాటాక అదే వేగంతో ఇంకో కిలోమీటరు పోలేను అనిపించాలి. తన కాళ్ల మీద తాను నిలబడగలగాలి కూడా. ఫినిష్ దగ్గర తూలి పడుతున్నవాళ్ల ఫొటో వేసి కింద "పట్టుదల" అని రాయడం పత్రికలకు అలవాటైపోయింది, దయచేసి మానండి. హాఫ్‌ను ఫుల్ కంటే వేగంగా పరిగెత్తుతాం కాబట్టి ఒంట్లో వేడి త్వరగా పుడుతుంది. ఎండలో ఒళ్లు జలదరించడం, చలి పుట్టడం, అడుగులు వంకర పోవడం, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పడం, వీటికి పట్టుదలతో సంబంధం లేదు, అవి వడదెబ్బ గుర్తులు. లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండొచ్చు, చెమట పడుతూనే ఉండొచ్చు కూడా. అలాంటివాళ్లను ముందు ఐస్ నీళ్లలో ముంచి చల్లబరచాలి, ఆసుపత్రికి తరలించడం ఆ తర్వాత. ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక్కచోట సూదిలా పొడుస్తూ నడక మార్చేసే నొప్పి వచ్చినా అక్కడికక్కడే ఆగిపోవాలి. తొడలు మండటం, ఆయాసపడటం ఓర్చుకోవచ్చు. ఈ తేడా మీ పేజీలో ఎక్కడా లేదు.

ఆ రెండు మూడు నిమిషాల సలహాకు సవరణ వేయండి. రేసుకు ముందు రోజు వేసి లాభం లేదు, లాంగ్ రన్లలో నెమ్మదిగా మొదలుపెట్టడం అలవాటు చేసుకోవడానికి జనానికి కనీసం నెల టైము ఉండేలా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు