ఆవుకు మేక టీకా ఇంకెన్నాళ్లు? – కేంద్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

పశువుల ఒంటి మీద గడ్డలు లేచే లంపీ స్కిన్ జబ్బు టీకా గురించి రాస్తున్నాను. 2019లో ఒడిశాలో బయటపడిన ఈ జబ్బు 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఎన్ని ఆవులను పొట్టన పెట్టుకుందో మీకు చెప్పనక్కర్లేదు. అప్పటికి దీనికంటూ టీకా మన దేశ మార్కెట్లో లేదు. మేకల మశూచి టీకానే ఆవులకు వేశారు. అది తప్పని నేననను. లంపీ, గొర్రెల మశూచి, మేకల మశూచి వైరస్‌లు మూడూ కాప్రిపాక్స్ జాతివే, జన్యువులు 96 శాతం దాకా కలుస్తాయి. అందుకే ఒకదానికి వేసిన టీకా ఇంకోదాన్నీ ఎంతో కొంత అడ్డుకుంటుంది.

ఆ 'ఎంతో కొంత' దగ్గరే మాకు టెన్షన్. లంపీకి గొర్రెల టీకా కన్నా మేకల టీకా మెరుగని పరీక్షల్లో తేలింది. అంటే చుట్టాల్లోనూ దగ్గరివాళ్లు, దూరపువాళ్లు ఉన్నారు. గాలికుంటులో అయితే చుట్టరికం అసలు అక్కరకు రాదు. ఆ వైరస్‌లో మన దగ్గర 'O', 'A', 'ఏషియా-1' అని మూడు రకాలు; 'O' రకానికి వచ్చిన రక్షణ 'A' రకానికి గానీ, ఏషియా-1కి గానీ పనికిరాదు కాబట్టే మూడూ కలిపి టీకా చేస్తారు.

మా ఊళ్లో టీకాలు వేసిన రోజు థర్మకోల్ పెట్టెలోంచి తీసిన సీసా మీద 'గోట్ పాక్స్' అని చూసి, ఒక పెద్దాయన "మేకల మందు నా ఆవుకెందుకయ్యా" అంటూ పలుపు విప్పుకుని వెళ్లిపోయాడు. ఆయనకు నచ్చజెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు. నీళ్లు కలిపిన మందు కాసేపట్లో వాడెయ్యాలి, లైన్లో ఇంకా బోలెడు పశువులు.

అరువు టీకాతో నెట్టుకురావడం మనకు కొత్త కాదు. గొర్రెలు, మేకల ప్లేగు అనే పీపీఆర్ జబ్బుకు ఒకప్పుడు వాటికి రిండర్‌పెస్ట్ (పశువుల ప్లేగు) టీకానే వేసేవారు. బాగానే పనిచేసింది. కానీ రిండర్‌పెస్ట్ పోయిందని రుజువు చెయ్యాల్సి వచ్చేసరికి చిక్కొచ్చింది, రక్తంలో దొరికే యాంటీబాడీలు జబ్బువా, టీకావా తేలదు. ఆ వాడకం మానారు, మన పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ పీపీఆర్‌కు సొంత టీకా చేసింది. 2006లో దేశం, 2011లో ప్రపంచం రిండర్‌పెస్ట్ నుంచి బయటపడ్డాయి.

లంపీకి కూడా హిసార్ గుర్రాల పరిశోధన కేంద్రం, ఐవీఆర్ఐ కలిసి చేసిన లంపీ-ప్రోవాక్ఇండ్ టీకాను 2022 ఆగస్టులోనే విడుదల చేశారు. 2025 ఫిబ్రవరిలో బయోవెట్ కంపెనీ టీకాకు లైసెన్సు వచ్చింది. జబ్బు చేసిన పశువుకూ, టీకా వేసిన పశువుకూ తేడా పట్టే వీలు దానికి ఉందంటున్నారు. ఇంకా ఎందుకు ఆగాలి?

గాలికుంటు టీకా ఖర్చు మొత్తం కేంద్రమే భరిస్తోంది, లంపీకీ అలాగే చెయ్యండి. రాష్ట్రం వాటా రాలేదనే మాట వినబడకూడదు. దోమలు, ఈగలు ముసిరే వానలు మొదలవకముందే సొంత టీకా మా పశువుల ఆసుపత్రులకు చేర్చండి. ఈలోగా మేకల టీకాయే వెయ్యాల్సివస్తే ఆవుకు ఎంత డోసో సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పండి, ఎందుకు వేస్తున్నారో ముందు రోజే ఊళ్లో చాటింపు వేయించండి. చెవి పోగు నంబరు పక్కన టీకా పేరు, బ్యాచ్ నంబరు రాసి చీటీ మా చేతికివ్వండి. రెండు టీకాల్లో ఏది వేసిన ఊళ్లలో జబ్బు ఎంత తిరగబెట్టిందో లెక్క తీసి ఏటా బయటపెట్టండి.

మేకల టీకా మేకలకు కూడా కావాలండీ. మా ఊళ్లో వాటి వంతు ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక పాడి రైతు