ఎడ్వినా మౌంట్‌బాటన్ చేసిన పని ఏ పేజీలో వేస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మన దేశపు చివరి బ్రిటిష్ వైస్రాయ్ భార్య ఎడ్వినా మౌంట్‌బాటన్ మీద పేజీ నిండా వ్యాసం వేశారు. మొదటి నుంచి చివరిదాకా చదివాను. నెహ్రూ గారితో స్నేహం, ఉత్తరాలు, నగలు, విందులు అన్నీ వచ్చాయి. ఆవిడ చేసిన పనికి మాత్రం ఒక్క వాక్యం దక్కింది, అదీ చివర్లో. ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని నేను. అది చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ స్నేహం అబద్ధమని నేననను. తెల్లదొరల పాలనను వెనకేసుకురావడం నా ఉద్దేశం అసలే కాదు. 1948 జూన్‌లో జరగాల్సిన అధికార బదిలీని 1947 ఆగస్టు 15కి ముందుకు జరిపింది ఆవిడ భర్తే. ఆ తొందరకు ఎన్ని లక్షల కుటుంబాలు బలయ్యాయో అందరికీ తెలుసు. కానీ ఆ నెలల్లో శిబిరాల్లో తిరిగి పనిచేసిన మనిషిని ఒక ప్రేమకథలో పాత్రగా మిగల్చడం అన్యాయం. ఇది ఆవిడ ఒక్కరికే జరిగిన అన్యాయం కూడా కాదు.

ఎడ్వినా 1901లో పుట్టారు. తాత సర్ ఎర్నెస్ట్ కాసెల్ పెద్ద బ్యాంకరు. ఆయన 1921లో పోయినప్పుడు ఈ మనవరాలికి అంతులేని ఆస్తి వచ్చింది. మరుసటి ఏడు ఢిల్లీలో వైస్రాయ్ అతిథిగా ఉన్నప్పుడే మౌంట్‌బాటన్‌తో పెళ్లి కుదిరింది. ఆ తర్వాత పదిహేడేళ్లు విందులు, విహారాలు, ఓడ ప్రయాణాలే. దాన్ని మీరు బాగానే రాశారు, నేను కొత్తగా కలపాల్సింది లేదు.

1939లో యుద్ధం వచ్చాక మాత్రం ఆ మనిషి మారిపోయింది. సెయింట్ జాన్ అంబులెన్స్ అనే స్వచ్ఛంద వైద్యసేవా సంస్థలో చేరి ప్రథమ చికిత్స, నర్సింగ్ నేర్చుకున్నారు. లండన్ మీద బాంబులు పడుతున్న రాత్రుల్లో, తూర్పు లండన్ పేదపేటల జనం తలదాచుకున్న షెల్టర్లకు వెళ్లేవారు. నేలమీద పక్కపక్కనే పడుకున్న జనం, చాలని మరుగుదొడ్లు, దగ్గులు, చంటిబిడ్డలు. అక్కడి ప్రథమ చికిత్స కేంద్రాలు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూడటం ఆవిడ డ్యూటీ. 1942లో ఆ సంస్థ బ్రిగేడ్‌కు సూపరింటెండెంట్-ఇన్-చీఫ్ అయ్యారు. బిరుదును బట్టి ఇచ్చిన పదవి అనుకునేవాళ్లు ఉంటారు. అలాంటి పదవులు అలంకారంగా పెట్టుకున్నవాళ్లనూ నేను చూశాను. వాళ్లు వార్డు గుమ్మం దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. లోపలికొచ్చి మంచం మంచం దగ్గరా ఆగేవాళ్లు వేరు.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయినప్పుడు ఆగ్నేయాసియా శిబిరాల్లో లక్ష మందికి పైగా యుద్ధఖైదీలు, నిర్బంధితులు ఉన్నారు. సింగపూర్, సుమత్రా, జావా, థాయ్‌లాండ్ శిబిరాలకు ఎడ్వినా వెళ్లారు. కొన్నిచోట్ల మిత్రరాజ్యాల సేనలు ఇంకా చేరనేలేదు, జపాన్ సైనికులు తుపాకులతోనే కాపలా ఉన్నారు. విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి, మలేరియా, ఎముక కనిపించే పుండ్లు. నెలల తరబడి తిండి లేని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా అన్నం పెడితే ప్రాణానికే ముప్పు. కొంచెం కొంచెంగా పెంచాలి, పక్కన మనిషి ఉండి చూసుకోవాలి. అలాంటివాళ్లు వేలల్లో ఉంటే ఎంతమంది నర్సులు కావాలి, ఎన్ని మందులు కావాలి, ముందు ఎవరిని విమానం ఎక్కించాలి? చూసొచ్చి చెప్పే మనిషి లేకపోతే పైవాళ్లకు తెలిసే దారి లేదు. థాయ్‌లాండ్-బర్మా మధ్య జపాన్ వాళ్లు వేయించిన రైలు మార్గం పనిలో తెల్ల సైనికులే కాదు, మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయిన తమిళ, తెలుగు కూలీలు కూడా పిట్టల్లా రాలిపోయారు. ఆ శిబిరాల కథ మనకు పరాయిది కాదు.

ఇక 1947. నా ఉద్దేశంలో ఆవిడ జీవితంలో అసలైన భాగం ఇదే. మార్చిలో వైస్రాయ్ భార్యగా ఢిల్లీకొచ్చారు. ఏప్రిల్ ఆఖరుకల్లా రావల్పిండి, కహూటా వైపు అల్లర్లలో తగలబడిన ఊళ్లు తిరుగుతున్నారు. విభజన తర్వాత శరణార్థులు వెల్లువలా వచ్చిపడుతుంటే ఆవిడ అధ్యక్షతన ‘యునైటెడ్ కౌన్సిల్ ఫర్ రిలీఫ్ అండ్ వెల్ఫేర్’ పెట్టారు. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్, ఇంకా ఎన్నో స్వచ్ఛంద సంస్థలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ ఏం చేయాలో పంచడం దాని పని. మీ వ్యాసంలో ఈ కౌన్సిల్ పేరే లేదు.

కాగితం మీద చూస్తే ఇదేదో మామూలు కమిటీలా కనిపిస్తుంది. దాని విలువ నాకు దివిసీమలో తెలిసింది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత నాగాయలంక వైపు డ్యూటీ వేశారు. అప్పటికి నేను కొత్త స్టాఫ్ నర్సును. ఒక ఊళ్లో పాత బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఎవరో పంపిన ఉన్ని కోట్లు వానలో నాని కంపు కొడుతున్నాయి. అదే వారం ఒకటే ఊరికి మూడు సంస్థల లారీలు వచ్చాయి. కాలువ అవతల పల్లెకు ఒక్కటీ రాలేదు. మా దగ్గర కలరా ఇంజెక్షన్ మందు ఉంది, సూదులు చాలవు. కిరసనాయిలు పొయ్యి మీద గిన్నెలో గాజు సిరంజీలు మరగబెట్టేవాళ్లం. సూది మొద్దుబారితే రాయి మీద అరగదీసి మళ్లీ మరగబెట్టేవాళ్లం. సూదులకు ఇండెంట్ రాస్తే దుప్పట్లు వచ్చాయి. జనం గుండె నిండా దయతోనే పంపారు, కాదనను. కానీ ఎక్కడ ఏది లేదో చూసి చెప్పేవాళ్లు, ‘నువ్వు ఇటు, నువ్వు అటు’ అని పంచేవాళ్లు లేకపోతే ఆ దయ బురదలో కలిసిపోతుంది.

మాకు ఒక్క సీమలో ఆ పరిస్థితి. 1947లో ఒక్క కురుక్షేత్ర శిబిరంలోనే సుమారు 3 లక్షల మంది ఉన్నారు. ఢిల్లీ పురానా ఖిల్లాలో, హుమాయూన్ సమాధి దగ్గర పాకిస్తాన్ వెళ్లాల్సిన ముస్లింలు తలదాచుకున్నారు. నీళ్లు, పాలు, టీకాలు, దుప్పట్లు, పురుళ్లు, తప్పిపోయిన పిల్లలు, ఎత్తుకుపోబడిన ఆడవాళ్లు. చలికాలం ముంచుకొస్తోంది. అప్పుడు ఎడ్వినా ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి తిరిగారు, అక్కడ చూసినవాటిని ఢిల్లీలో సంబంధిత మంత్రుల ముందు పెట్టారు. అప్పటికి గవర్నర్ జనరల్ అయినవాడి ఇంటి మనిషి ఫోన్ చేస్తే ఎత్తనివాళ్లెవరు? ఆ పలుకుబడి పుట్టుక వల్ల, పెళ్లి వల్ల వచ్చిందే. దాన్ని మందులకూ దుప్పట్లకూ వాడటం మాత్రం ఆవిడ ఎంచుకున్నది.

ఆ తిరుగుళ్లలో చాలాసార్లు పక్కనున్న మనిషి రాజకుమారి అమృత్ కౌర్. కపుర్తలా రాజవంశంలో పుట్టి, గాంధీ గారి కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేసి, స్వతంత్ర భారత తొలి ఆరోగ్యమంత్రి అయిన అమృత్ కౌర్ పేరు మీ వ్యాసంలో ఒక్కసారైనా రాలేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది ఆవిడ హయాంలోనే, 1947 డిసెంబరు 31న. మా రిజిస్ట్రేషన్లకూ, మా పిల్లలు ఇవాళ చదివే కోర్సులకూ దేశమంతా ఒక ప్రమాణం పెట్టడానికి పునాది ఆ చట్టమే. శిబిరాల్లో జనం చస్తుంటే, మంత్రివర్గం ఊపిరాడక ఉన్న ఆ నెలల్లోనే నర్సుల చదువు గురించి ఆలోచించినవాళ్లున్నారు. అది రాయదగ్గ విషయం కాదా?

1948 జూన్‌లో మౌంట్‌బాటన్లు వెళ్లిపోయారు. అంతటితో ఆవిడ పని ఆగలేదు. సెయింట్ జాన్, సేవ్ ద చిల్డ్రన్ పనుల మీద దేశాలు తిరుగుతూనే ఉన్నారు. ఆరోగ్యం బాగోలేకపోయినా పర్యటనలు మానుకోలేదు. 1960 ఫిబ్రవరిలో ఉత్తర బోర్నియోలోని జెస్సెల్టన్‌కు తనిఖీకి వెళ్లి, అక్కడే నిద్రలో కన్నుమూశారు. 58 ఏళ్లు. పోర్ట్స్‌మౌత్ తీరంలో సముద్రంలో అంత్యక్రియలు జరిపారు. నెహ్రూ గారు పంపిన పూలదండతో మన నౌకాదళం ఓడ త్రిశూల్ కూడా వెళ్లిందని మీరు రాశారు, నిజమే. కానీ ఆ పూలదండకు పది వాక్యాలిచ్చి, ఆవిడ ఏ పని మీద వెళ్లి చనిపోయారో చెప్పకపోతే చదివే పిల్లలకు ఏం తెలుస్తుంది?

మన తెలుగునేల మీద పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించైనా ఇలాగే రాస్తున్నారు. ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రులు, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు నడిచిన తీరు రెండు ముక్కల్లో తేల్చేసి, దేశ్‌ముఖ్ గారితో పెళ్లి ముచ్చట్లు పెద్ద అక్షరాల్లో వేస్తారు. మగ నాయకుల గురించి రాసేటప్పుడు వాళ్ల ఆనకట్టలు, చట్టాలు, తేదీలు ముందొస్తాయి. ఆడవాళ్ల దగ్గరకొచ్చేసరికి ఎవరిని ప్రేమించారన్నది ముందొస్తుంది.

మీ వ్యాసానికి వేసిన ఫొటోలో ఎడ్వినా నవ్వుతూ ఉన్నారు. యూనిఫాంలో శిబిరాల మధ్య నడుస్తున్న ఫొటోలు కూడా ఉన్నాయి, దయచేసి వాటిలో ఒకటి వేయండి. మే 12 నర్సుల దినోత్సవం నాటికి 1947 శిబిరాల్లో పనిచేసిన నర్సుల మీద, ఆ కౌన్సిల్ మీద, అమృత్ కౌర్ మీద ఒక పేజీ కేటాయించండి. దివిసీమ ఉప్పెనలో డ్యూటీ చేసిన సిస్టర్లు ఇంకా కొందరు ఉన్నాం. మీ విలేకరిని పంపితే కూర్చోబెట్టి చెబుతాం.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
తెనాలి