స్పెయిన్ వెళ్లే పిల్లలకు స్పానిష్ తెలుగులో చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

విదేశీ చదువుల గురించి మన పత్రికల విద్యా పేజీల్లో వీసా, ఫీజులు, స్కాలర్‌షిప్‌ల సమాచారం బాగానే వస్తోంది. కానీ హైదరాబాద్ కాలేజీల నుంచి ఒక సెమిస్టర్ కోసం స్పెయిన్ వెళ్లే పిల్లలు అక్కడ దిగాక తట్టుకోలేనిది వీసాను కాదు, భాషను. ఇక్కడ స్పానిష్ నేర్పేవాళ్లుగా మేం చెప్పదలచింది ఒకటే. తెలుగు పిల్లలకు స్పానిష్ కష్టమైన భాష కాదు. దాన్ని ఇంగ్లీషు మీదుగా, అదీ ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు హడావిడిగా నేర్పడం వల్లే కష్టమవుతోంది.

ముందు ఉచ్చారణ సంగతి. స్పానిష్‌లో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ రాసినా అదే పలుకు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఈ ఐదింటికే తంటాలు పడతారు. మనకు అవి పుట్టుకతో వచ్చినవే. 'త', 'ద'లు కూడా మన దంత్యాలే. అయినా మన విద్యార్థి టమాటాను 'తొమాతె' అనకుండా 'టొమాటే' అంటాడు. అక్షరాలు ఇంగ్లీషు లిపిలో కనబడగానే నాలుక ఇంగ్లీషు క్లాసుకి వెళ్లిపోతుంది. మొదటి వారం పాఠాలన్నీ తెలుగు లిపిలో రాయించి చదివిస్తే ఈ తప్పు దాదాపు రాదు.

'ర' విషయం చూడండి. 'పేరొ' అంటే 'కానీ', 'పేర్రొ' అంటే 'కుక్క'. మొదటిదానికి 'పేరు'లోని ర, రెండోదానికి 'గుర్రం'లోని ర్ర. ఇంతకు మించి చెప్పాల్సింది లేదు. మాట ర తో మొదలైతే మాత్రం అది ఎప్పుడూ గుర్రంలోని ర్రే. 'ఞ' మన వర్ణమాలలో ఏ పనీ లేకుండా కూర్చున్న అక్షరం అనుకుంటాం. 'ఎస్పాఞ' అనే ఆ దేశం పేరులోనే అది ఉంది. బడిని ఇంగ్లీషు టీచర్ల ముందు 'ఇస్కూలు' అంటే దెబ్బలు పడేవి. స్పానిష్‌లో బడి 'ఎస్క్వేల'. స కారం పక్కన మరో హల్లుతో మాట మొదలైతే ముందు ఒక అచ్చు చేర్చుకోవడం వాళ్లకూ అలవాటే. గొంతులోంచి వచ్చే 'హోత' (j) అక్షరం కొత్తగా అనిపించవచ్చు. పాతబస్తీలో 'ఖబర్', 'ఖుదా' అనే మాటల్లోని ఖ రోజూ వినే హైదరాబాదీకి ఆ ధ్వని కొత్తదేం కాదు.

జాగ్రత్త పడాల్సింది ఊనిక దగ్గర, అంటే మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలో అక్కడ. ఈ ఉత్తరంలో దాన్ని దీర్ఘంతో చూపుతున్నాం. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. స్పానిష్‌లో ఊనిక మారితే అర్థం మారుతుంది. 'ఆబ్లొ' అంటే నేను మాట్లాడతాను, 'అబ్లో' అంటే అతను మాట్లాడాడు. 'ఏస్త' అంటే ఈ, 'ఎస్తా' అంటే ఉన్నాడు, ఉంది. సూత్రం చిన్నది. మాట అచ్చుతోగానీ, న్, స్ లతోగానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక. మిగతా హల్లులతో ముగిస్తే చివరి అక్షరం మీద. దీన్ని తప్పిన ప్రతి మాటకూ నెత్తిన గీత పెట్టి చూపిస్తారు. ఆ గీతను అలంకారం అనుకుని వదిలేసే పిల్లలే పరీక్షల్లో మార్కులు పోగొట్టుకుంటున్నారు.

ఇక వ్యాకరణం. 'సేర్', 'ఎస్తార్' అని రెండు క్రియలున్నాయి. ఇంగ్లీషులో రెండింటికీ 'బీ' (be) అనే ఒకటే మాట కాబట్టి, శాశ్వతమైనదానికి సేర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్ అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఈ సూత్రం చార్మినార్ దగ్గరే కూలిపోతుంది. 1591 నుంచి అంగుళం కదలని కట్టడం ఎక్కడుందో చెప్పడానికి కూడా 'ఎస్తా' అనే అనాలి. తెలుగులో చూస్తే చిక్కే లేదు. 'నేను విద్యార్థిని' అనే వాక్యంలో మనకు క్రియ లేదు. అక్కడ వాళ్లకు సేర్: 'సొయ్ ఎస్తుదియాంతె'. 'ఇంట్లో ఉన్నాను' అన్నప్పుడు 'ఉండు' వస్తుంది. అక్కడ ఎస్తార్: 'ఎస్తొయ్ ఎన్ కాస'. 'ఎస్ లీస్త' అంటే ఆమె తెలివైనది. 'ఎస్తా లీస్త' అంటే ఆమె సిద్ధంగా ఉంది. తెలుగు వాక్యంలో 'ఉంది' ఎక్కడ వచ్చిందో చూడండి. ఇంకో తమాషా: వేడుకలు, పరీక్షలు ఎక్కడ జరుగుతాయో చెప్పేటప్పుడు చోటు గురించే అయినా సేర్ వాడాలి. మనమూ 'పెళ్లి నాంపల్లి ఫంక్షన్ హాల్లో' అంటాం, 'ఉంది' అనం.

ఈ కొలత అన్నిచోట్లా పనికిరాదు, అది కూడా చెప్పాలి. 'గోడ తెల్లగా ఉంది' అంటాం, వాళ్లు అక్కడ సేర్ వాడతారు. రంగు, రూపం, స్వభావం లాంటివాటికి 'ఉంటుంది' అని మార్చి చూసుకోమనాలి. 'ఎలా ఉంటాడు?' అంటే సేర్, 'ఎలా ఉన్నాడు?' అంటే ఎస్తార్. మొదటిదానికి జవాబు పొడుగ్గా, సన్నగా. రెండోదానికి జవాబు బాగున్నాడు, జ్వరంతో ఉన్నాడు.

ఇష్టాయిష్టాలు చెప్పడంలో మన పిల్లలు చేసే తప్పు చూస్తే బాధ కలుగుతుంది. 'నాకు కాఫీ నచ్చుతుంది' అనడానికి 'యొ గూస్తొ' అని మొదలుపెడతారు. అది ఇంగ్లీషు వాక్యం వేసుకున్న స్పానిష్ చొక్కా. స్పానిష్ వాక్యం 'మె గూస్త ఎల్ కఫే'. 'మె' అంటే 'నాకు', 'గూస్త' అంటే 'నచ్చుతుంది'. పుస్తకాలు అయితే 'మె గూస్తన్', అంటే 'నాకు నచ్చుతాయి'. నచ్చిన వస్తువును బట్టే క్రియ మారుతుంది, అచ్చం తెలుగులోలాగే. డాక్టర్ దగ్గర 'మె ద్వేలె లా కబేథ', నాకు తల నొప్పిగా ఉంది. దుకాణంలో 'మె ఫాల్తన్ దోస్ ఎఉరొస్', నాకు రెండు యూరోలు తక్కువయ్యాయి. ఇంగ్లీషు వాళ్లు నెలల తరబడి కుస్తీ పట్టే పాఠం ఇది. మనవాళ్లకు ఒక్క గంట చాలు. అయితే ఆకలి, వయసు మాత్రం ఈ కోవలోకి రావు. 'నాకు ఇరవై ఏళ్లు' అనడానికి 'తేంగొ బేఇంతె ఆఞొస్' అనాలి, అంటే ఇరవై ఏళ్లు నా దగ్గర ఉన్నాయి అన్నట్టు. ఆకలికీ అదే 'తేంగొ'.

భూతకాలంలో 'తిన్నాను', 'తినేవాణ్ణి' అనే తేడా మనకుంది. వాళ్లకూ 'కొమీ', 'కొమీఅ' అని ఉంది. చిన్నప్పుడు రోజూ ఆడేవాళ్లం, చదువుతుంటే ఫోన్ వచ్చింది లాంటి వాక్యాలతో దీన్ని ఒక పూటలో నేర్పవచ్చు. మనకు లేనిది ఇంకొకటుంది. స్పెయిన్‌లో చాలాచోట్ల ఈరోజు తిన్నదానికి 'ఎ కొమీదొ', నిన్న తిన్నదానికి 'కొమీ'.

నిజంగా కష్టపడాల్సింది లింగం దగ్గర. మనకు బల్లకీ పుస్తకానికీ లింగభేదం లేదు. వాళ్లకు పుంలింగం మాట ముందు 'ఎల్', స్త్రీలింగం మాట ముందు 'లా' వస్తుంది. అ తో ముగిస్తే స్త్రీలింగం, ఒ తో ముగిస్తే పుంలింగం అని చెప్పి వదిలేస్తే 'ఎల్ ప్రొబ్లేమ', 'ఎల్ మాప', 'ఎల్ దీఅ', 'లా మానొ', 'లా ఫోతొ' దగ్గర బోర్లా పడతారు. మాటను ఒంటరిగా ఎప్పుడూ రాయనివ్వకూడదు. ఎల్, లా జోడించే రాయాలి, జోడించే పైకి చదవాలి, పుంలింగానికి నీలం, స్త్రీలింగానికి ఎరుపు సిరా వాడాలి. ఇది బట్టీయే. బట్టీకి మన పిల్లలు భయపడరు.

మరో చిక్కు సెల్‌ఫోన్ యాప్‌లతో. వాటిలో ఎక్కువగా వచ్చేది లాటిన్ అమెరికా స్పానిష్. 'గ్రాసియస్' (ధన్యవాదాలు) అని నేర్చుకుని వెళ్లిన అమ్మాయికి మాడ్రిడ్‌లో, నాలుక కొస పళ్ల మధ్య పెట్టి అనే 'గ్రాథియస్' వినబడుతుంది. అది పెద్ద ఇబ్బంది కాదు. అసలు ఇబ్బంది 'బొసోత్రొస్' రూపం. చనువున్న నలుగురిని కలిపి పిలిచే ఈ 'మీరు' లాటిన్ అమెరికాలో వాడరు, స్పెయిన్‌లో అది లేనిదే పూట గడవదు. లెక్చరర్ క్లాసు వైపు తిరిగి 'తెనేఇస్ ప్రెగూంతస్?' అంటే 'ప్రశ్నలున్నాయా' అని. ఆ 'తెనేఇస్' ముందెప్పుడూ వినని విద్యార్థి తల వంచుకుంటాడు. దక్షిణాన అందలూసియాలో మాట చివరి స్ మింగేస్తారు, అక్కడికి వెళ్లేవాళ్లు ఆ ప్రాంతపు రేడియో వినడం మొదలుపెట్టాలి. మనవాళ్లు మర్యాద కోసం అందరినీ 'ఉస్తేద్' అంటారు, అంటే మన 'మీరు'. తప్పు లేదు. అయితే అక్కడ యూనివర్సిటీల్లో లెక్చరర్‌నే 'తూ', అంటే 'నువ్వు' అనడం మామూలు. 'తుతేఅమె' అని వాళ్లంటే నువ్వు అనమని అర్థం. అప్పుడు మొహమాటపడకూడదు.

కాలేజీ మాటలు ముందే చెప్పి పంపాలి. 'అసిగ్నతూర' సబ్జెక్టు, 'అపూంతెస్' నోట్సు, 'కర్రేర' డిగ్రీ, 'అప్రొబార్' పాస్ కావడం, 'సుస్పెందేర్' ఫెయిల్ కావడం. ఫలితాల్లో 'సుస్పేన్సొ' చూసి సస్పెండ్ చేశారని హడలిపోనక్కర్లేదు, మళ్లీ రాయాలంతే. మార్కులు పదికి, 5 వస్తే పాస్, 9 గానీ ఆపైన గానీ వస్తే 'సొబ్రెసలియేంతె', అంటే అత్యుత్తమం. 'లిబ్రెరీఅ' పుస్తకాల షాపు, లైబ్రరీ కాదు. 'ఎంబరథాద' అంటే గర్భవతి; ఇంగ్లీషు పోలికతో సిగ్గుపడ్డానని చెప్పబోయి ఆ మాట అంటే ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు.

కోర్సులు ఎంచుకునేటప్పుడు 'గీఅ దొథేంతె' అనే కోర్సు వివరాల పత్రం తెరిచి బోధన ఏ భాషలోనో చూడాలి. బార్సిలోనాలో అది కాటలాన్ కావచ్చు. కాటలాన్ స్పానిష్ యాస కాదు, వేరే భాష. సెమిస్టర్‌కు మామూలుగా 30 క్రెడిట్లు, ఒక్కోదానికి 25 నుంచి 30 గంటల పని. ఇంగ్లీషులో చెప్పే కోర్సులే ఎంచుకున్నా ఇంటి ఓనర్, మునిసిపల్ ఆఫీసు, మందుల షాపు మాట్లాడేది స్పానిష్‌లోనే.

ఫారాల్లో పేరు దగ్గర మనవాళ్లకు ప్రత్యేకమైన బెడద ఉంది. స్పెయిన్‌లో ప్రతి ఒక్కరికీ రెండు ఇంటిపేర్లు. పేరులో రెండు మాటలున్న తెలుగువాళ్లకు రెండో మాటను ఇంటిపేరుగా ఎక్కించేస్తారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే 'ప్రిమేర్ అపెయీదొ' (మొదటి ఇంటిపేరు)లో, మిగతా పేరంతా 'నోంబ్రె' (పేరు)లో రాసి, 'సెగూందొ అపెయీదొ' (రెండో ఇంటిపేరు) ఖాళీగా వదలాలి. యూనివర్సిటీలో ఒకలా, బ్యాంకులో ఒకలా పడితే సరిచేయించుకోవడానికే వారాలు పడుతుంది.

శాకాహారులకు ఒక మాట. 'సొయ్ బెహెతరియానొ' (నేను శాకాహారిని) అంటే చాలదు. మామూలు 'ఎన్సలాద మీక్స్త' అనే సలాడ్‌లో కూడా ట్యూనా చేప వేస్తారు. 'సిన్ కార్నె, సిన్ పెస్కాదొ, సిన్ అతూన్, సిన్ హమోన్' అని, అంటే మాంసం, చేప, ట్యూనా, హామ్ (పంది మాంసం) లేకుండా అని విడివిడిగా చెప్పాలి. సూప్ అయితే అది దేంతో కాచిందో అడగాలి.

వారానికి ఆరు గంటల చొప్పున 16 వారాలు, అంటే 96 గంటలు చెబితే యూరప్ భాషా స్థాయిల్లో మొదటిదైన ఏ1 పూర్తయి, తర్వాతిదైన ఏ2లో అడుగు పడుతుంది. అందులో మూడో వంతు వినడానికే కేటాయించాలి. 'సెసేంత' 60, 'సెతేంత' 70. కాగితం మీద తేడా తెలిసినవాళ్లకు కూడా అద్దె మాట్లాడేటప్పుడు చెవికి అందదు. వెళ్లాక తెలుగువాళ్లంతా ఒకే ఫ్లాట్‌లో ఉంటే ఈ 96 గంటలూ నెలలో ఆవిరైపోతాయి. వంట కలిసి చేసుకోండి, గది మాత్రం స్పానిష్ మాట్లాడేవాళ్లతో పంచుకోండి. అరగంట వాళ్ల భాష, అరగంట ఇంగ్లీషు మాట్లాడుకునే 'ఇంతెర్కాంబియొ' ప్రతి యూనివర్సిటీ ఊళ్లోనూ దొరుకుతుంది.

తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ)లో స్పానిష్ బోధన ఉంది. విద్యార్థులను పంపే కాలేజీలు అక్కడివాళ్లతో కూర్చుని, తెలుగు వాక్యాల మీదుగా స్పానిష్ చెప్పే 16 వారాల పాఠ్యక్రమం రాయించాలని కోరుతున్నాం. మీ విద్యా పేజీలో వారానికి ఒక పావు పేజీ ఇస్తే పైన చెప్పిన పాఠాలు ఒక్కొక్కటిగా రాసివ్వడానికి మేం సిద్ధం. సెప్టెంబరులో విమానం ఎక్కేవాళ్లకు మొదటి క్లాసు మే మొదటి వారంలో పడాలి.

ఇట్లు,
స్పానిష్ బోధకులు,
హైదరాబాద్