నానల్‌నగర్ దగ్గర మా అమ్మనీ మా బండినీ చూసుకున్నవాళ్ళకు

మొన్న మంగళవారం మిట్టమధ్యాహ్నం, హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి టోలిచౌకి వెళ్ళే దారిలో, నానల్‌నగర్ చౌరస్తా దాటగానే మా కారు ఆగిపోయింది. ఆ రోజు సాయం చేసినవాళ్ళలో చాలామంది పేర్లు నాకు తెలియవు. కొందరికి అక్కడ థాంక్స్ చెప్పే వీలు కూడా దొరకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. బండి ఎలా బాగుపడిందో కూడా వివరంగానే రాస్తాను. సెల్ఫ్ తిరుగుతూ స్టార్ట్ కాని బండితో అవస్థ పడుతున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా చాలామంది ఉండే ఉంటారు.

అమ్మకు అంతకు ముందు వారమే శుక్లాల ఆపరేషన్ అయింది. సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో చెకప్ చేయించి ఇంటికి తీసుకొస్తున్నాను. మే నెల ఎండ, ఏసీ వేసి ఉంది, ట్రాఫిక్ అంగుళం అంగుళం కదులుతోంది. ఇంజిన్ దగ్గలేదు, కుదుపు లేదు, ఉన్నట్టుండి ఆగిపోయింది. కీ తిప్పితే సెల్ఫ్ గట్టిగా తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవడం లేదు. వెనక ఒకటే హారన్లు. పక్క సీట్లో నల్ల కళ్ళజోడుతో అమ్మ, "ఏమైందే?" అని అడుగుతూనే ఉంది.

ముందుగా ఆ ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు నా నమస్కారాలు. ఆయన వస్తుంటే చలానా రాస్తారేమో అనుకున్నాను. "హజార్డ్ లైట్లు వేసి న్యూట్రల్‌లో పెట్టమ్మా" అని చెప్పి, వెనక బైకుల మీద ఉన్న కుర్రాళ్ళను పిలిచి బండిని పక్కకు నెట్టించారు. వాళ్ళు ఎవరో, ఎక్కడికి పోతున్నారో తెలియదు. నలుగురో ఐదుగురో, అంత ఎండలో కాలుతున్న డిక్కీ మీద చేతులు వేసి నెట్టారు. నేను దిగేసరికే బైకులెక్కి వెళ్ళిపోయారు. తమ్ముళ్ళూ, ఇది మీ కంట పడితే, మీ చేతుల చలవ వల్లే ఆ రోజు అమ్మ నడిరోడ్డు మీద ఉండాల్సిన పని తప్పిందని తెలుసుకోండి.

పక్కనే ఇరానీ హోటల్. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన అమ్మను చూసి తనే లేచి వచ్చారు. పొయ్యి వేడి, పొగ తగలకుండా లోపల ఫ్యాను కింద టేబుల్ చూపించి, "ఎంతసేపైనా కూర్చోండమ్మా" అన్నారు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లకు డబ్బులు ఎంత చెప్పినా తీసుకోలేదు. అదే టేబుల్ దగ్గర భోజనానికి వచ్చిన ఒక ఆవిడ కూర్చుని ఉన్నారు. అమ్మ చేతిసంచిలో చుక్కల మందు సీసా చూసి, "టైమ్ అయిందా?" అని అడిగారు. ఎక్కడో నర్సుగా చేస్తారట. సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, అమ్మ తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో కొంచెం లాగి, సీసా మూతి కంటికి తగలకుండా సరిగ్గా ఒక్క చుక్క వేశారు. వేశాక కాసేపు కన్ను మూసుకుని ఉండమన్నారు. ఇంట్లో నేను వేస్తే సగం చెంప మీదకే పోతుందని అమ్మ ఆవిడకు చెప్పేసింది కూడా! ఆవిడ నాకు ఎలా పట్టుకోవాలో చూపించి మరీ వెళ్ళారు. మేడమ్, ఇప్పుడు చుక్క కంట్లోనే పడుతోంది.

ఇక మెకానిక్ భాయ్ సంగతి. హోటల్ పెద్దాయన ఫోన్ చేస్తే వెనక గల్లీలోని షెడ్డు నుంచి వచ్చారు. చేతిలో ఒక చిన్న సంచి, కరెంటు చూసే ఒక మీటరు, అంతే.

ఈ బండికి ఇలా కావడం మొదటిసారి కాదు. అంతకు ముందు కూడా రోడ్డు మీద ఆగి, గంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయింది. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే కొత్త బ్యాటరీ వేశారు. మళ్ళీ ఆగితే ఫ్యూయల్ పంప్ మార్చాలని వేలల్లో ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అక్కడ ఉన్నంతసేపూ బండి శుభ్రంగా నడిచింది కాబట్టి వాళ్ళకు జబ్బు కనపడలేదు. కనపడని జబ్బుకు మందు రాసిచ్చారన్నదే నా బాధ.

భాయ్ బానెట్ ఎత్తకముందే కీ తిప్పమన్నారు. రెండు మూడు సెకన్లు విన్నారు. "సెల్ఫ్ మంచిగనే తిరుగుతున్నది అక్కా, బ్యాటరీ గాదు. ఇగ ఊకె కొట్టకుర్రి" అన్నారు. పది సెకన్లకు మించి సెల్ఫ్ పట్టి ఉంచితే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుందని, బ్యాటరీ కూడా దిగిపోతుందని చెప్పారు. తర్వాత డాష్‌బోర్డులో తాళంచెవి గుర్తు ఉన్న లైట్ చూశారు. అది అదేపనిగా మినుకుమంటే కీని బండి గుర్తుపట్టడం లేదని అర్థమట. మాది కాసేపు వెలిగి ఆరిపోయింది, అంటే కీ బాగానే ఉంది. ఆ తర్వాత వెనక డోరు తీసి, సీటు దగ్గర చెవి పెట్టి, కీ ఆన్ వరకే తిప్పమన్నారు. ట్యాంకు వైపు నుంచి రెండు సెకన్లు జుయ్‌మని శబ్దం వచ్చి ఆగింది. "విన్నరా? పంపు నడుస్తున్నది."

తర్వాతే బానెట్ ఎత్తారు. స్పార్క్ ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ ఒకటి ఊడదీసి, సంచిలోని పాత ప్లగ్గు దానికి తగిలించి, రబ్బరు పిడి కటింగ్ ప్లేయరుతో ఇంజిన్ ఇనుముకు ఆనించి పట్టుకుని సెల్ఫ్ కొట్టమన్నారు. చుక్క నిప్పురవ్వ లేదు. వేల వోల్టుల కరెంటు కాబట్టి ఈ పని మనం చేయకూడదని గట్టిగా హెచ్చరించారు, మీరూ చేయకండి. లోపలి ప్లగ్గు తీసి చూస్తే పొడిగా ఉంది, పెట్రోలు వాసన కూడా లేదు. అక్కడ ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది. కరెంటు మాత్రమే పోతే ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉండాలి. పెట్రోలు మాత్రమే రాకపోతే నిప్పురవ్వ పడాలి. రెండూ ఒకేసారి పోయాయంటే, రెండింటికీ హుకుం ఇచ్చేదానికే ఏదో అయింది.

నన్ను డాష్‌బోర్డు మీద మీటర్లు చూడమన్నారు. సెల్ఫ్ తిరుగుతుంటే, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్పీఎం ముల్లు కొంచెమైనా లేవాలట. మా బండిలో సున్నా మీద నుంచి కదలలేదు. అన్ని బండ్లలోనూ ఈ గుర్తు పనిచేయదు కానీ, మాలాంటి వాటిలో క్రాంక్ సెన్సర్ మీద అనుమానపడటానికి అది చాలట. ఇంజిన్ తిరుగుతుంటే దానికున్న పళ్ళచక్రం ఈ సెన్సర్ ముందు నుంచి పోతుంది. ఇది ఒక్కో పన్నునూ లెక్కపెట్టి కంప్యూటర్‌కు చెబుతుంది. దాన్నిబట్టే ఏ సిలిండర్‌కు ఎప్పుడు పెట్రోలు చిమ్మాలో, ఎప్పుడు నిప్పు పెట్టాలో కంప్యూటర్ తేల్చుకుంటుంది. తాళం వేసేవాడు ఆగిపోతే భజన ఆగిపోయినట్టు, ఈ సెన్సర్ నోరు మూసుకుంటే ఇంజిన్ ఎంత తిరిగినా లోపల కంప్యూటర్‌కు అది ఆగి ఉన్నట్టే లెక్క.

అయినా ఆయన వెంటనే "మార్చేద్దాం" అనలేదు. గుడ్డపీలిక ఒకటి హోటల్ చల్లనీళ్ళలో తడిపి, చెయ్యి లోపలికి దూర్చి, ఇంజిన్ కింది వైపున్న సెన్సర్‌కు చుట్టారు. మళ్ళీ మళ్ళీ తడిపారు. కాసేపాగి కీ తిప్పమన్నారు. ముల్లు లేచింది, ఆ వెంటనే ఇంజిన్ అందుకుంది! నేను ఆనందంతో బండి కదిలించబోతే ఆపారు. గుడ్డ తీసేసి, ఏసీ వేయించి, ఇంజిన్‌ను అలాగే నడవనిచ్చారు. బాగా వేడెక్కాక ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది, ఇంజిన్ ఆగింది. అప్పుడే సెన్సర్ విప్పి మీటరు పెట్టారు. వేడిగా ఉన్నప్పుడు మీటరులో అంకె రాలేదు, అంటే లోపలి సన్న రాగితీగ ఎక్కడో తెగినట్టు. నీళ్ళలో చల్లార్చి పెడితే అంకె వచ్చింది. వేడికి విడిపోయి, చల్లారితే మళ్ళీ అతుక్కుంటోందన్నమాట. వర్క్‌షాపు నీడలో ఈ జబ్బు ఎందుకు దొరకలేదో నాకు అక్కడ అర్థమైంది. కొన్ని బండ్లలో మూడు తీగల సెన్సర్ వస్తుందట, దాన్ని ఇలా కొలవడానికి వీలు పడదని కూడా చెప్పారు. "మార్చే ముందుగాల చూడాలె గదా అక్కా" అన్నారు. ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు, నాకు మాత్రం చాలా పెద్ద మాట.

షెడ్డులో పనిచేసే తమ్ముడు పాత సెన్సర్ జేబులో వేసుకుని బైకు మీద రాణిగంజ్ వెళ్ళాడు. పాతది పట్టుకెళ్ళడం ఎందుకంటే, పైకి ఒకేలా ఉన్నా వైరు తగిలించే చోటి పిన్నులో, పొడవో తేడా వస్తాయట. ఆ ఎండలో, ఆ ట్రాఫిక్‌లో అంత దూరం పోయి బిల్లుతో సహా తెచ్చాడు. బిగించడానికి ఒక్క పది నంబరు బోల్టు, పట్టుమని పది నిమిషాల పని. సెన్సర్‌కు బిల్లులో ఉన్నంతే తీసుకున్నారు. తన పనికి 300 రూపాయలు చాలన్నారు. ఎక్కువ ఇవ్వబోతే ఆ తమ్ముడి పెట్రోలుకు మాత్రం ఇవ్వమన్నారు. బిగించాక కూడా వెంటనే పంపలేదు. అమ్మను చల్లగా కూర్చోబెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏసీతో షేక్‌పేట వరకు పోయి తిరిగొచ్చాకే పాత సెన్సర్ నా చేతిలో పెట్టారు.

ఆ రోజు నుంచి బండి ఎక్కడా ఆగలేదు. టెన్షన్ లేకుండా అమ్మను మళ్ళీ చెకప్‌కు తీసుకెళ్ళొచ్చాను. డాక్టర్ కన్ను బాగా మానుతోందన్నారు. అమ్మ ఆ హోటల్ పెద్దాయనకు ఇవ్వమని సున్నుండలు చేసి పంపింది, ఇచ్చొచ్చాను. భాయ్‌కూ ఒక డబ్బా ఇచ్చాను. నర్సు మేడమ్‌ డబ్బా మాత్రం హోటల్ గల్లా దగ్గరే పెట్టించాను. మేడమ్, మీరు మళ్ళీ అటు భోజనానికి వస్తే పెద్దాయనను అడిగి తీసుకోండి.

భాయ్ నంబరు ఇక్కడ పెట్టడం లేదు, ఆయనను అడక్కుండా పెట్టడం బాగుండదు. కావలసినవాళ్ళు నాకు మెసేజ్ పెడితే ఆయనతో మాట్లాడి ఇస్తాను. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు షెడ్డు మూసి ఉంటుంది, మూడు దాటాక వెళ్ళండి.